ప్రీగాబాలిన్ 225 నుంచి సున్నా దాకా: 26 వారాల లెక్క

సర్పి మానిన చోట మిగిలిపోయిన నొప్పికి నాలుగేళ్లు ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు వాడాను. కుడివైపు పక్కటెముకల మీదుగా వీపు దాకా పట్టీలా లేచిన పొక్కులు మూడు వారాల్లో ఎండిపోయాయి గానీ మంట పోలేదు. చొక్కా రాసుకున్నా కరెంటు కొట్టినట్టుండేది. ఆ రోజుల్లో ఈ మందు నాకు చాలా మేలు చేసింది, ఆ మాట ముందే చెప్పాలి. మూడేళ్లు దాటాక నొప్పి పదికి రెండు దగ్గర నిలబడింది. పాదాల వాపు, పెరిగిన బరువు, పగటి మగత, నోటి దాకా వచ్చిన మాట జారిపోవడం మాత్రం అలాగే ఉన్నాయి. అందుకని న్యూరో డాక్టరు గారితో మాట్లాడి మెట్లు మెట్లుగా తగ్గించి ఆపాను. 26 వారాలు పట్టింది.

ఇక్కడ ఉన్నవి నా మోతాదుకి, నా కిడ్నీ రిపోర్టుకి, నా మిగతా మందులకి డాక్టరు గారు రాసిన అంకెలు. మీవి వేరుగా ఉంటాయి. వీటిని పట్టుకెళ్లి మీ డాక్టరుతో మాట్లాడండి, వీటినే చీటీ అనుకోవద్దు.

ముందు స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవాలి. అసలు పని అక్కడే మొదలవుతుంది. మన దగ్గర నరాల నొప్పికి రాసే బిళ్లల్లో చాలావరకు కలిపి చేసినవే. నాకు పొద్దున ఒకటి: ప్రీగాబాలిన్ 75 ఎంజీ, మిథైల్‌కోబాలమిన్ 750 మైక్రోగ్రాములు. రాత్రికి రెండు: ప్రీగాబాలిన్ 75తో నార్ట్రిప్టిలిన్ 10 కలిపిన బిళ్ల ఒకటి, విడి ప్రీగాబాలిన్ 75 ఇంకొకటి. నార్ట్రిప్టిలిన్ అసలు డిప్రెషన్ మందు, నరాల నొప్పికీ రాస్తారు. అంటే రోజుకి ప్రీగాబాలిన్ 225, దానికి తోడు నార్ట్రిప్టిలిన్ 10. ఈ లెక్క నాలుగేళ్లలో నేను ఒక్కసారీ కూడి చూడలేదు. మిథైల్‌కోబాలమిన్ అంటే బి12 విటమిన్. ఆ పేరు స్ట్రిప్ మీద పెద్దగా కనబడుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు దాన్ని బలం మాత్ర అనుకుంటారు. 'విటమినే కదా, నొప్పి తగ్గిందిగా, మానేద్దాం' అని ఒక్కరోజులో ఆపేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. వాళ్లు మానేసింది విటమిన్ ఒక్కటే కాదు.

ఒక్కసారిగా ఎందుకు ఆపకూడదంటే, ప్రీగాబాలిన్, దాని జాతికే చెందిన గాబాపెంటిన్ రెండూ నరాల చివర కాల్షియం లోపలికి వెళ్లే దారుల్లో ఆల్ఫా-2-డెల్టా అనే భాగాన్ని పట్టుకుని, నరం బయటికి వదిలే ఉద్రేక రసాయనాలను తగ్గిస్తాయి. ఏళ్ల తరబడి ఆ అణచివేత మధ్య పనిచేయడానికి నరాలు అలవాటు పడతాయి. పైగా ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండదు. కిడ్నీలు బాగున్నవాళ్లలో ఆరు గంటలకోసారి సగానికి పడిపోతుంది, ఒకటిన్నర రోజుకి దాదాపు ఏమీ మిగలదు. పట్టు తీసేస్తే నరాలన్నీ ఒకేసారి రేగుతాయి: నిద్ర రాదు, చెమటలు, వికారం, విరేచనాలు, తలనొప్పి, కారణం లేని భయం. కొద్దిమందికి ఫిట్స్ కూడా రావచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లకైతే ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లాను. బీపీ, షుగరు, నిద్ర, గ్యాసు మందులు అన్నీ. ఈ మందు మీకు నొప్పికే రాశారా, లేక ఫిట్స్‌కో ఆందోళనకో కూడా పనికొస్తుందని రాశారా అన్నది అడిగి తెలుసుకోవాలి. అలా రాసి ఉంటే తగ్గించే పద్ధతే వేరు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ఈ మందు దాదాపు అంతా మూత్రంలోనే, మారకుండా బయటికి పోతుంది. కిడ్నీ నెమ్మదించినవాళ్లలో మందు ఎక్కువసేపు నిలుస్తుంది, లెక్క మారుతుంది. బి12 కూడా చేయించారు. మామూలుగా ఉంది కాబట్టి ఆ విటమిన్ అక్కడికక్కడే తీసేశారు. దాన్ని ఆపడానికి మెట్లు అక్కర్లేదు. గర్భిణులు, ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటి నిద్రబిళ్లలు ఏళ్లుగా వాడుతున్నవాళ్లు, ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి గట్టి నొప్పి మందులు వాడుతున్నవాళ్లు ఆ విషయం దాచొద్దు. రెండింటినీ ఒకేసారి తగ్గించడం మొదలుపెడితే ఏ బాధ దేనివల్లో డాక్టరుకి కూడా తెలియదు.

కంపెనీ కాగితంలో 'కనీసం ఒక వారం పట్టేలా తగ్గించాలి' అని ఉంటుంది. బ్రిటన్‌లో 2019 ఏప్రిల్ నుంచి ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ రెండూ నియంత్రిత జాబితాలో ఉన్నాయి. అక్కడి వైద్యులకిచ్చిన సూచన ప్రకారం ప్రీగాబాలిన్‌ని వారానికి 50 నుంచి 100 ఎంజీకి మించి, గాబాపెంటిన్‌ని నాలుగు రోజులకి 300 ఎంజీకి మించి తగ్గించకూడదు. అవి పై హద్దులు. అంత వేగంగా దిగాలని వాటి అర్థం కాదు. నెలా రెండు నెలలు వాడినవాళ్లకి అది సరిపోవచ్చు. నాలుగేళ్లు వాడిన ఒంటికి రెండు వారాలకో మెట్టు, ఒక్కో మెట్టు 25 ఎంజీ అని మా డాక్టరు గారు పెట్టారు. ఇప్పుడు వెనక్కి చూస్తే అదే సరైన వేగం అనిపిస్తుంది.

మొదటి రెండు వారాలు ఏమీ తగ్గించలేదు. కలిపిన బిళ్లలు మాని, అవే మందులు అదే మోతాదులో విడివిడిగా తెచ్చుకున్నాను: పొద్దున విడి ప్రీగాబాలిన్ 75, రాత్రి 75వి రెండు, నార్ట్రిప్టిలిన్ 10 వేరుగా. విడదీయకుండా తగ్గించబోతే రాత్రి బిళ్ల మానిన రోజే ప్రీగాబాలిన్, నార్ట్రిప్టిలిన్ రెండూ ఒకేసారి పోతాయి. ఆ తర్వాత వచ్చే వికారం దేనిదో చెప్పడం ఎవరివల్లా కాదు. మందుల షాపులో గట్టిగా అడగాల్సింది కూడా ఇక్కడే. 'ఇందులో ఇంకేమీ కలవకూడదండీ, ఉత్త ప్రీగాబాలిన్ కావాలి' అంటే, 'సేమ్ కంపోజిషనే సార్' అని చేతిలో పెట్టిన స్ట్రిప్ మీద 75 పక్కన చిన్న అక్షరాల్లో ఎస్ఆర్ అని ఉంది. ఎస్ఆర్ అంటే మందు నెమ్మదిగా విడుదలయ్యేది, రోజుకి ఒకసారి వేసుకునేది. దాన్ని విరిచినా నలిపినా మందంతా ఒకేసారి వచ్చేస్తుంది. తగ్గించే పనికి మామూలు క్యాప్సూలే కావాలి. డబ్బు కట్టే ముందే స్ట్రిప్ మీది మాటలన్నీ చదవండి.

ఆ రెండు వారాల్లోనే నోటుబుక్కులో గీతలు గీశాను. తేదీ, పొద్దుటి డోసు, రాత్రి డోసు, నొప్పి పదికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు, చెమట లేదా దడ ఏ సమయానికి, ఆ రోజు పారాసిటమాల్ వేసుకున్నానా. ఏమీ తగ్గించని రోజుల లెక్క చేతిలో ఉంటేనే తర్వాతి రోజులతో పోల్చగలం. నా నొప్పి మందు పూర్తిగా వేసుకున్న రోజుల్లో కూడా ఒకటికీ నాలుగుకీ మధ్య ఊగుతోందని అప్పుడే తెలిసింది. అది తెలియకపోతే, తగ్గించాక వచ్చిన మొదటి నాలుగుకే భయపడి వెనక్కి పోయేవాణ్ణి.

మెట్లు కట్టడానికి ఒక చిన్న కిటుకు ఉంది. 75 క్యాప్సూల్ ప్రతి షాపులో దొరుకుతుంది, 50 ముందు చెబితే తెప్పిస్తారు. 25 నాకు ఎక్కడా దొరకలేదు. కానీ 75, 50 రెండూ చేతిలో ఉంటే 25 చొప్పున దిగవచ్చు. పొద్దున 50, రాత్రి 75వి రెండు వేసుకుంటే 200. పొద్దున 50, రాత్రి 75, 50 కలిపితే 175. రెండు పూటలా 75 అయితే 150. పొద్దున 50, రాత్రి 75 అయితే 125. రెండు పూటలా 50 అయితే 100. ఒక్కోదాని మీద రెండు వారాలు. మొదటి మెట్టులో పొద్దుటి డోసే తగ్గించాం, ఎందుకంటే నిద్ర చెడితే మిగతావన్నీ చెడతాయి.

200, 175 సాఫీగా గడిచాయి. మెట్టు దిగిన రెండో రోజు, మూడో రోజు రాత్రి కాస్త మెలకువ, అంతే. 150 దగ్గర నాలుగు రోజులు అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం. ఎనిమిదో రోజుకి సర్దుకుంది. 125, 100 కూడా అలాగే. పాదాల వాపు 125 దగ్గరే బాగా తగ్గింది, సాక్సు గీత సాయంత్రానికి లోతుగా పడడం మానేసింది.

తప్పు జరిగింది 75 దగ్గర. రోజుకి 75 అంటే ఒక్క క్యాప్సూలే కదా అని పొద్దుటిది మాని రాత్రి తొమ్మిదింటికి ఒకటే వేసుకున్నాను. రెండో రోజు నుంచి సరిగ్గా సాయంత్రం నాలుగైదు గంటలకి దడ, మెడ వెనక చెమట, ఒకచోట కూర్చోలేకపోవడం. రాత్రి బిళ్ల వేసుకున్న గంటన్నరకి తగ్గేది, మర్నాడు సాయంత్రం మళ్లీ అదే. నోటుబుక్కులో గంటలు రాసి ఉండబట్టి కారణం దొరికింది. ఆరు గంటలకి సగమయ్యే మందు, రాత్రి తొమ్మిదిది మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఎనిమిదో వంతే మిగులుతుంది. అంటే నేను రోజూ సాయంత్రం ఒక చిన్న విత్‌డ్రాయల్‌లోకి, అంటే అలవాటైన మందు అందక ఒళ్లు తిరగబడే స్థితిలోకి, వెళ్లి వస్తున్నాను. ఈ కారణానికే రోజు విడిచి రోజు వేసుకోవడం అనే పద్ధతి ఈ మందుకి పనికిరాదు. మనవాళ్లు చాలామంది అలాగే మానుతుంటారు. మోతాదు తగ్గించండి, పూటలు మాత్రం తగ్గించకండి.

75ని రెండు పూటలకి పంచాలంటే 25 కావాలి. డాక్టరు గారు, ఆసుపత్రి ఫార్మసిస్టు ఇద్దరూ సరేనన్నాకే నీళ్లలో కలిపే పద్ధతికి వెళ్లాను. మామూలు ప్రీగాబాలిన్ 50 క్యాప్సూల్ ఒకటి, సూది తీసేసిన 10 ఎంఎల్ సిరంజి ఒకటి, చిన్న గాజు గ్లాసు. కాచి చల్లార్చిన నీళ్లు సిరంజితోనే 10 ఎంఎల్ కొలిచి గ్లాసులో పోస్తాను. క్యాప్సూల్ నిలువుగా పట్టుకుని గోటితో రెండు సార్లు తడితే పొడి కింది సగంలోకి దిగుతుంది. పై టోపీని మెల్లగా తిప్పుతూ లాగితే విడిపోతుంది. లాగేటప్పుడు తొందరపడితే పొడి వేళ్ల మీద పడుతుంది, ఆ పూట లెక్క పోయినట్టే. పొడి పడగానే నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా మసకబారతాయి. మందు నీళ్లలో బాగా కరుగుతుంది. ఆ మసక, అడుగున చేరే తెల్లటి నలకలు పిండి, టాల్క్ లాంటి నింపుడు పదార్థాలు. నిమిషం పాటు కలిపి, నిలవనివ్వకుండా సిరంజిలోకి తీయాలి. ఇప్పుడు ఒక ఎంఎల్‌లో 5 ఎంజీ ఉంటుంది. 5 ఎంఎల్ తాగితే 25. మిగిలింది పారబోయడమే, రాత్రికి దాచొద్దు. సగం మందు వృథా అవుతోందని మొదట బాధనిపించింది, కానీ దాచిన నీళ్లలో ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు.

ఇది మామూలు క్యాప్సూల్‌కే. ఎస్ఆర్‌కి వద్దు. నార్ట్రిప్టిలిన్‌తో కలిపినదానికి అసలే వద్దు, రెండు మందులూ ఒకే నీళ్లలో చేరతాయి.

అలా పొద్దున 25, రాత్రి 50 క్యాప్సూల్ మొత్తంగా వేసుకుంటే సాయంత్రపు దడ నాలుగు రోజుల్లో పోయింది. ఆ మెట్టు మీద రెండు వారాల బదులు నాలుగు వారాలు ఉన్నాను. తర్వాత రెండు పూటలా 25, అంటే రోజుకి 50.

ఇక్కడి నుంచి 25 అనే మెట్టు పనికిరాదు. 225 నుంచి 25 తీస్తే తొమ్మిదో వంతు పోతుంది. 50 నుంచి తీస్తే సగం పోతుంది. స్ట్రిప్ మీద అంకె చిన్నదే, ఒంటికి మాత్రం పెద్ద దూకుడు. చాలామంది పై మెట్లన్నీ చక్కగా దిగి చివరి 50 దగ్గర ఒక్కసారిగా మానేసి, వచ్చిన బాధ చూసి 'ఈ మందు లేకుండా నేను బతకలేను' అనే నిర్ణయానికి వస్తారు. వాళ్లకి కావలసింది మందు కాదు, చిన్న మెట్లు. అదే నీళ్ల లెక్కతో పూటకి 4 ఎంఎల్, అంటే రోజుకి 40. తర్వాత 3 ఎంఎల్, 2 ఎంఎల్, 1 ఎంఎల్. రోజు మొత్తం 30, 20, 10 అవుతాయి. ఒక్కోటి రెండు వారాలు. 1 ఎంఎల్ కొలవడానికి 2 ఎంఎల్ సిరంజి వాడితే గీత స్పష్టంగా కనబడుతుంది. 20 నుంచి 10కి దిగినప్పుడు మూడు రాత్రులు సరిగా నిద్రలేదు. 10 నుంచి సున్నాకి పెద్దగా ఏమీ కాలేదు.

ప్రతి మెట్టు దగ్గరా వేధించే ప్రశ్న ఒకటే: ఇది పాత నొప్పి తిరిగి వచ్చిందా, మందు తగ్గించినందుకు ఒళ్లు గొణుగుతోందా? నా నోటుబుక్కు చెప్పిన గుర్తులివి. తగ్గించినందువల్ల వచ్చేవి ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలవుతాయి, ఒళ్లంతా ఉంటాయి: చెమట, పొట్ట, నిద్ర, చిరాకు, చర్మం మీద చీమలు పాకినట్టు. వారం పదిరోజుల్లో వాటంతట అవే దిగిపోతాయి. పాత నొప్పి అయితే పాత చోటే, పాత పద్ధతిలోనే ఉంటుంది. నాకైతే కుడి పక్కటెముకల మీద బట్ట తగిలితే జివ్వుమనడం. అది రోజులు గడిచే కొద్దీ తగ్గదు, నిలబడుతుంది లేదా పెరుగుతుంది. చిక్కేమిటంటే మెట్టు దిగిన మొదటి వారంలో పాత నొప్పి కూడా తాత్కాలికంగా ఎగస్తుంది. కాబట్టి మొదటి వారంలో ఏ నిర్ణయమూ తీసుకోలేదు. బాధ ఓర్చుకోగలిగితే అదే మెట్టు మీద ఇంకో వారమో రెండు వారాలో ఆగడం, ఓర్చుకోలేకపోతే డాక్టరుకి చెప్పి ఒక్క మెట్టు పైకి వెళ్లి స్థిరపడటం. పొద్దున తగ్గించి రాత్రి భయపడి పాత డోసు వేసుకుంటూ రోజుకో లెక్క పెడితే ఒళ్లు ఎప్పటికీ కుదుటపడదు.

పూర్తిగా ఆపేసి కొన్ని వారాలైనా నొప్పి ఆరు, ఏడు దగ్గరే నిలబడి నిద్ర, నడక చెడితే మందు ఇంకా కావాలన్నమాట. అప్పుడు డాక్టరు మళ్లీ మొదలుపెడితే అది ఓటమి కాదు. కాకపోతే పాత 225తో మొదలుపెట్టకూడదు. అలవాటు తగ్గిపోయిన ఒంటికి అంత మోతాదు ఒక్కసారి పడితే మగత, తూలి పడిపోవడం. తోడుగా మత్తు మందో మద్యమో ఉంటే ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది.

మధ్యలో నొప్పి ఎగసిన రోజులకి 5 శాతం లిడోకైన్ ప్యాచ్ పనికొచ్చింది. 12 గంటలు అంటించి 12 గంటలు తీసేయాలి, మానని పుండు మీద వేయకూడదు. క్యాప్సైసిన్ క్రీము కూడా ఉంది. మిరపకాయకి కారం ఇచ్చే పదార్థమే అది, మొదటి రోజుల్లో మండుతుంది. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా కంటి దగ్గర పెట్టొద్దు. వదులుగా ఉండే మెత్తటి నూలు బనియను ఎంత సాయం చేస్తుందో ఇలాంటి నొప్పి ఉన్నవాళ్లకే తెలుస్తుంది. నిద్ర రావడం లేదని ఇంట్లో ఉన్న ఆల్ప్రజోలామ్ వేసుకోవడం, పక్కింటివాళ్లు ఇచ్చిన ట్రమడాల్ వేసుకోవడం, ఒక పెగ్గు తాగి పడుకోవడం మాత్రం వద్దు. ఒక అలవాటు వదిలించుకుంటూ ఇంకోటి తగిలించుకున్నట్టవుతుంది.

ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనిషి అయోమయంలో పడినా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఛాతీ నొప్పి వస్తే 'మందు తగ్గించానుగా, అందుకే' అని సర్దిచెప్పుకోవద్దు. బతకాలని లేదు అనే ఆలోచన వస్తే ఆ రోజే ఇంట్లో చెప్పి డాక్టరుని కలవాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ సమయంలోనైనా మాట్లాడవచ్చు. మొదలుపెట్టే ముందే ఇంట్లో ఒకరికి ఈ సంగతులన్నీ చెప్పి ఉంచాను.

గాబాపెంటిన్ వాడేవాళ్లకి ఒక తేడా ఉంది. ప్రీగాబాలిన్ ఎంత మింగితే దాదాపు అంతా రక్తంలోకి వెళుతుంది. గాబాపెంటిన్ అలా కాదు. రోజుకి 900 ఎంజీ మూడు పూటలుగా వేసుకుంటే 60 శాతం ఒంటికి పడుతుంది, 2400 వేసుకుంటే 34 శాతమే. అందువల్ల పై మోతాదుల్లో 300 తీసేసినా ఒంటికి అంతగా తెలియదు. కింద 900 నుంచి దిగేటప్పుడు అదే 300 బరువుగా తగులుతుంది. అక్కడ 100 ఎంజీ క్యాప్సూళ్లకి మారాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాసు సిరప్పు తాగితే ఈ మందు ఇంకా తక్కువ పడుతుంది. రెండింటికీ రెండు గంటల ఎడం పెట్టకపోతే మెట్టు దిగకుండానే దిగినట్టవుతుంది. నరాల నొప్పికి రాసే ఇంకో మందు డులాక్సెటిన్. దాని క్యాప్సూల్‌లో ఉండేది పొడి కాదు, కడుపులోని ఆమ్లానికి కరగకుండా పూత పూసిన గుళికలు. దాన్ని నలిపి నీళ్లలో కలపకూడదు. 60, 30, 20 క్యాప్సూళ్ల మధ్యే దిగే దారి డాక్టరు చూపిస్తారు.

నార్ట్రిప్టిలిన్‌ని ఈ 26 వారాలూ కదపలేదు. ప్రీగాబాలిన్ సున్నా అయ్యి ఒక నెల నిలకడగా గడిచాకే దాని జోలికి వెళ్లాం. అది ఒంట్లో రోజుకి పైగా నిలిచే మందు కాబట్టి దానికి రోజు విడిచి రోజు పద్ధతి కుదిరింది. రెండు వారాలు అలా వేసుకుని మానేశాను. ఐదారు రోజులు విచిత్రమైన కలలు, పొద్దున కాస్త వికారం.

ఆపిన రెండు నెలలకి మోకాలి నొప్పికని ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే, చీటీలో ఐదు మందులు. షాపులో ఇచ్చిన వాటిలో ఒక కొత్త పేరు స్ట్రిప్ తిప్పి చూస్తే ప్రీగాబాలిన్ 75, మిథైల్‌కోబాలమిన్ 1500. వెనక్కి వెళ్లి చెప్పాను, ఆయన వెంటనే కొట్టేశారు. ఆ రోజే నా ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను: 'ప్రీగాబాలిన్, నార్ట్రిప్టిలిన్ ఆపివేయడమైనది', పక్కన తేదీ, దాని కింద 'కలిపిన బిళ్లల్లో కూడా వద్దు'.